రాహువుకు బ్రిటన్ చట్టం వర్తించదు

ఏటా మార్చి చివరి ఆదివారం ఇంగ్లండులోని మా బేసింగ్‌స్టోక్‌లో దాదాపు ప్రతి తెలుగింట్లోనూ ఒక ఆడమనిషి స్టూలెక్కుతుంది. గోడ గడియారం ముల్లును గంట ముందుకు జరుపుతుంది. దిగి ఓవెన్ ముందు గొంతుక్కూచుంటుంది. ఏ రెండు మీటలు కలిపి నొక్కితే అంకెలు కదులుతాయో పోయిన అక్టోబరులోనే కనిపెట్టింది గానీ ఈ అయిదు నెలల్లో మరిచిపోయింది కనుక మళ్లీ మొదటినుంచీ కనిపెడుతుంది. ఆ తర్వాత బాయిలర్ టైమరు. దాన్ని మార్చకపోతే సోమవారం పొద్దున ఇంటిల్లిపాదికీ చన్నీళ్ల స్నానమే. చివరికి కారులో గడియారం. దాన్ని మార్చడం ఎవరికీ రాదు కాబట్టి అది అక్టోబరు దాకా తప్పు చెబుతూనే ఉంటుంది. ఇంత జరిగాక ఇంటాయన మేడమీద నుంచి దిగి వచ్చి, అయ్యో, ఒక గంట నిద్ర పోయిందే అని వాపోతాడు.

దీనికి ఎండను ఆదా చేయడం అని పేరు. వేసవికి దేశం దేశమంతా గడియారాన్ని గంట ముందుకు జరిపి, అక్టోబరు చివర మళ్లీ వెనక్కి జరుపుతుంది. వందేళ్ల కిందట ఈ దేశంలో ఒక బిల్డరు పొద్దున్నే గుర్రమెక్కి షికారు వెళ్తూ, ఇంకా కిటికీ తెరలు దించుకుని నిద్రపోతున్న జనాన్ని చూసి, ఇంత ఎండ వృథా అవుతోందే అని బాధపడ్డాడట. గుర్రమున్నవాడి బాధ కదా, కొన్నేళ్లకు చట్టమై కూచుంది. తెరల వెనక నిద్రపోతున్నవాళ్లలో రాత్రి పని చేసి వచ్చినవాళ్లు ఎందరున్నారో ఆయన దిగి కనుక్కోలేదు. ఇప్పటికీ ఎవరూ కనుక్కోరు. అక్టోబరులో గంట వెనక్కి జరిగే రాత్రి, కేర్ హోముల్లో, ఆస్పత్రుల్లో డ్యూటీలో ఉన్నవాళ్లు ఒక గంట ఎక్కువ పని చేస్తారు. కొన్నిచోట్ల ఆ గంటకు జీతం ఇస్తారు, కొన్నిచోట్ల థాంక్యూ ఇస్తారు.

అందుకని గడియారాలు మార్చడాన్ని ఎవరైనా వ్యతిరేకిస్తే వాళ్లు నాకు సొంతవాళ్లే. ఒక్క కిషన్‌రావు గారు తప్ప.

కిషన్‌రావుది జగిత్యాల. ఇక్కడ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కంప్యూటర్ పని. ఆయన భార్య నిర్మలాదేవి, జగిత్యాలలోనే జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి. వాళ్లమ్మాయి నిఖిత ఇక్కడి సెకండరీ స్కూల్లో చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులో వస్తుంది. గడియారాలను ఇంకో గంట ముందుకు నెట్టాలని పార్లమెంటులో చర్చ జరిగిన ఏడాది కిషన్‌రావుకు పౌరుషం వచ్చింది. పేపర్లకు రాశాడు, ఎంపీకి రాశాడు. ఎంపీ ఆఫీసు అందరికీ పంపే జవాబునే ఈయనకూ పంపితే దాన్ని నలుగురికీ చూపించాడు. ఆ తర్వాత ప్రతిజ్ఞ చేశాడు. తన ఇంట్లో వేసవైనా చలికాలమైనా ఒకటే టైం, సూర్యుడి టైం. ప్రభుత్వం వాళ్ల గంట వాళ్ల దగ్గరే పెట్టుకోవచ్చు.

"గవర్నమెంటు చెప్తే సూర్యుడు గంట ముందుగాల లేస్తడా?" అని ప్రతి ఫంక్షన్‌లోనూ అడిగేవాడు. మేమంతా లేవడనే ఒప్పుకునేవాళ్లం.

కానీ ఆ పోరాటం ఎక్కడ జరిగిందో చూడండి. ఆఫీసుకు మాత్రం ఆయన కంపెనీ టైంకి, తొమ్మిదయ్యేసరికి, టై కట్టుకుని, పాస్ మెడలో వేసుకుని సీట్లో ఉండేవాడు. మేనేజరు ముందు సూర్యుడి ప్రస్తావన తెచ్చిన దాఖలా లేదు. తిరుగుబాటంతా ఇంటికి వచ్చాక, శనాదివారాల్లో, సెలవు రోజుల్లో. ఊరంతా ఒంటిగంటకు తింటే ఆయనకు అప్పుడు పన్నెండే. నిఖితకు ఆకలేస్తుంది కాబట్టి నిర్మలాదేవి ఒంటిగంటకు ఒకసారి వడ్డించి, రెండింటికి ఆయనకు మళ్లీ వేడిచేసి వడ్డించేది. ఏడాదిలో ఏడు నెలలు అలాగే నడిచేది. గోడ గడియారం ఆయన ముట్టనిచ్చేవాడు కాదు, వంటింటి గడియారం ఆమె మార్చుకునేది. ముందు గదిలోంచి వంటింట్లోకి వస్తే గంట పెద్దవాళ్లయ్యేవాళ్లు.

"మీ ఆయన విప్లవానికి వంటమనిషివి నువ్వే" అనేది జయలక్ష్మి. ఆమెది గుంటూరు, వీళ్లకు రెండు వీధుల అవతల ఇల్లు, ఊరి మధ్య షాపింగ్ సెంటర్‌లోని కళ్లద్దాల షాపులో పని. నిర్మలాదేవి నవ్వి ఊరుకునేది. నవ్వి ఊరుకోవడం ఆమెకు బాగా అలవాటైంది. ఈ దేశం వచ్చిన కొత్తల్లో, తాను కాలేజీలో చేయించిన ప్రయోగాల గురించి సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దే ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పబోయి ఆగిపోయినప్పుడు మొదలైన అలవాటది.

ఆమెకు కావలసింది ఒక్కటే, డ్రైవింగ్ లైసెన్సు. మా ఊళ్లో కారు నడపడం రాని మనిషి చేతులు కట్టేసిన మనిషి. అడుగడుక్కీ రౌండబౌట్లు, అంటే సిగ్నల్ లేని గుండ్రటి కూడళ్లు, వాటి మధ్య ఇళ్లు. పాలు కావాలన్నా, జీపీ డాక్టరు దగ్గరికి పోవాలన్నా ఇంటాయన తీరిక చూసుకోవాలి. పైగా ఆ ఫిబ్రవరిలో ఆమెకు ఉద్యోగం వచ్చింది, నిజమైన ఉద్యోగం. ఊరికి ఎనిమిది మైళ్ల దూరాన ఒక పల్లెలో ఉన్న స్కూల్లో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దునపూట అటు బస్సు లేదు. ఈస్టర్ సెలవుల తర్వాత చేరాలి, ఈలోగా కారు నడపగలనని చూపించాలి, లేకపోతే జాబితాలో రెండో పేరుకు వెళ్తామని స్కూలువాళ్లు మర్యాదగానే చెప్పారు.

అప్పటికి టెస్టు రెండుసార్లు తప్పింది. మొదటిసారి రౌండబౌట్ దగ్గర. కుడివైపు నుంచి వచ్చే ప్రతి కారుకూ దారి ఇచ్చీ ఇచ్చీ, వెనక హారన్లు మోగుతున్నా కదలకుండా, పెళ్లిలో అతిథులను ముందు భోజనానికి పంపినట్టు అందరినీ పంపింది. రెండోసారి తప్పు గడియారానిది. సెప్టెంబరులో, సాయంత్రం ఏడింటి దాకా వెలుతురున్న రోజుల్లో, నవంబరు మధ్యాహ్నం మూడున్నర ప్రాంతానికి టెస్టు బుక్ చేసుకుంది. మధ్యలో అక్టోబరు వచ్చి గంటను వెనక్కి లాక్కుపోయింది. టెస్టు సగంలో ఉండగా వానలో చీకటి పడిపోయింది. చీకట్లో ఆమె ఎప్పుడూ నడపలేదు. సైకిలు మీద నల్ల కోటు వేసుకున్న ఒక పెద్దమనిషిని చివరి క్షణంలో చూసింది. ఆయన బతికాడు, టెస్టు పోయింది.

"ఎండను ఆదా జేస్తరట గద. నా టెస్టు నాడు ఏడ పెట్టిన్రో" అని అప్పుడొక్కసారే ఆమె అనగా విన్నాను.

మూడో టెస్టు 2014 మార్చి ముప్పై ఒకటి, సోమవారం పడింది. అది ఉగాది. ముందురోజు ఆదివారం గడియారాలు మారతాయి. ఈ దేశంలో డ్రైవింగ్ టెస్టులు పదింటికో పదిన్నరకో ఉండవు, పదీ పద్నాలుగుకు ఉంటాయి. ఆమెకు ఇచ్చింది సరిగ్గా అదే. తొమ్మిదింటికి ఇన్‌స్ట్రక్టరు ఫయాజ్ కారు తెస్తాడు, గంటసేపు చేయి తిప్పుకుని, అదే కారులో టెస్టుకు వెళ్లాలి. ఫయాజ్‌ది హైదరాబాదు యాకుత్‌పురా, ఇక్కడి తెలుగు ఆడవాళ్లలో సగంమందికి స్టీరింగ్ పట్టడం నేర్పినవాడు. నిర్మలాదేవికి రాహుకాలం పట్టింపు ఉంది. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది, ఆ లెక్క చూసుకునే తొమ్మిది దాటాక గడప దాటేలా టెస్టు పెట్టుకుంది.

శనివారం ఈ ఏర్పాటంతా భర్తకు చెప్పింది. ఆయన చాలాసేపు ఆలోచించి, చాలా సంతోషంగా తల అడ్డంగా ఊపాడు.

"రాహువుకు బ్రిటన్ చట్టం వర్తించదు నిర్మలా. ఏడున్నర నుంచి తొమ్మిది అంటే సూర్యుడి టైం. ఎల్లుండికి మీ గడియారాలు మారుతయ్. మీ లెక్కల రాహుకాలం ఎనిమిదిన్నర నుంచి పది. తొమ్మిదింటికి నువ్వు గడప దాటినవంటే నట్టనడుమ దాటినట్టు."

"మీకు రాహుకాలం మీద నమ్మకం ఎప్పటి సంది?"

"నాకు లేదు. నీకున్నది గద."

నిజానికి ఆయన చెప్పిన లెక్క తప్పు కాదు. అదే దాని విషం. ఒకరి నమ్మకాన్ని తాను నమ్మకుండానే వాళ్ల మెడకు ఉరిలా తగిలించడం ఒక విద్య. మన ఇళ్లలో అది మగవాళ్లకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. పది దాటాకే బయల్దేరాలంటే గంట ప్రాక్టీసు పోతుంది, టెస్టుకే అందుకోవడం కష్టం. పోనీ లెక్కచేయకుండా వెళ్తే, ఏ రౌండబౌట్ దగ్గరో తడబడినప్పుడు రాహువే గుర్తొస్తాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆదివారం ఆమె పొయ్యి మీద పప్పు పెట్టి, దాని వంకే చూస్తూ ఒక ఉపాయం కనిపెట్టింది. వాళ్లమ్మ చేసేదే. మంచి గడియలో ప్రయాణం కుదరకపోతే, వెంట తీసుకెళ్లాల్సిన సంచిని ముందే మంచి వేళ చూసి పొరుగింట్లో పెట్టేవాళ్లు. పరస్థానం పెట్టడం అంటారు దాన్ని. సంచి గడప దాటిందంటే ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తర్వాత మనిషి రాహుకాలంలో కదిలినా దోషం లేదు. కాకపోతే ఆ సంచిని మళ్లీ ఇంట్లోకి తేకూడదు, దారిలోనే తీసుకుని పోవాలి.

అమావాస్య ఘడియలు పోయాక, ఆదివారం దీపాలు పెట్టే వేళ, ఒక చిన్న గుడ్డసంచిలో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము వేసి, ప్రయాణానికి అసలైన వస్తువులేవో అవీ పెట్టింది. అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే ప్రొవిజనల్ లైసెన్సు, దానితో ఉండే కాగితం, థియరీ పాసైన సర్టిఫికెట్. అవి లేకపోతే టెస్టుకు కూచోనివ్వరు. తీసుకెళ్లి జయలక్ష్మి ఇంట్లో చెప్పుల అర మీద పెట్టి వచ్చింది.

జయలక్ష్మికి పొద్దున డ్యూటీ, తొమ్మిదికి పావుగంట ముందే ఇల్లు తాళమేసి వెళ్తుంది. అందుకని ఎనిమిదిన్నర లోపల ఎవరైనా వెళ్లి సంచి తెచ్చి, గడప లోపలికి తేకుండా, ఫయాజ్ వచ్చేదాకా వాకిట్లోని తమ కారు డిక్కీలో పెట్టాలి. ఉగాదికి కిషన్‌రావు సెలవు పెట్టాడు. ఆ పని ఆయనకు అప్పజెప్పింది. ఉపాయం చూసి ఆయన మొహం కాస్త వాడింది గానీ, సరే, ఎనిమిదిన్నర లోపల తెస్తానన్నాడు.

సెలవు రోజున ఆ ఇంట్లో ఎవరి టైం నడుస్తుందో ఆమె ఆ క్షణాన మరిచిపోయింది. ఆయన కూడా మరిచిపోయాడనే అనుకుందాం. మగవాళ్ల మరుపును శంకించే హక్కు మనకెవరిచ్చారు.

సోమవారం పొద్దున తలంట్లయ్యాయి. కొత్త గంటకు ఒళ్లు అలవాటు పడని నిఖిత కళ్లు మూసుకునే పచ్చడి నాలిక్కి రాసుకుని, "దిస్ ఈజ్ ఇన్‌హ్యూమన్, మమ్" అని బ్యాగు తగిలించుకుని బడికి నడిచింది. అన్నది వేపపువ్వు గురించో గడియారం గురించో తేలలేదు. నిర్మలాదేవి పులిహోర కలిపి, చేయి కడుక్కుని, ఫయాజ్ హారన్ వినిపించి ముందు గదిలోకి వచ్చేసరికి కిషన్‌రావు సోఫాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పంచాంగ శ్రవణం వింటున్నాడు. కాళ్లకు చెప్పులు లేవు.

సంచి తెచ్చారా అని అడిగింది.

ఆయన తలెత్తి గోడ గడియారం చూశాడు. "ఇంక ఎనిమిదే గద. ఎనిమిదిన్నర లోపల అన్నవ్."

ఈసారి ఆమె నవ్వి ఊరుకోలేదు. జయలక్ష్మికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. కళ్లద్దాల షాపులో పనివేళల్లో ఫోన్లు లాకర్లో పెట్టాలి. అప్పుడు కిషన్‌రావు లేచి, పోనీ టెస్టు ఇంకో తారీకుకు మార్చుకోవచ్చునని, తొందరపడితే పనులు చెడతాయని, ఎలాగూ రాహుకాలమేనని నెమ్మదిగా నచ్చజెప్పడం మొదలుపెట్టాడు. ఆమె కాళ్లకు బూట్లు వేసుకుంటూ అదంతా విన్నది.

"పది దాక ఆగు నిర్మలా" అన్నాడాయన చివరికి.

"ఎవల పది?" అని అడిగి ఆమె గడప దాటింది.

వాకిట్లో ఫయాజ్ సంగతంతా విని నెత్తిన చేయి పెట్టుకున్నాడు. మార్చుకోవడానికి గడువు దాటిపోయింది, ఫీజు మాట అటుంచి, మళ్లీ టెస్టు దొరికేది జూన్‌లోనే. జూన్‌కు ఆ పల్లె బడిలో ఇంకెవరో ఉంటారు. తాను నడిపితే తొందరగా వెళ్లొచ్చునని ఒక క్షణం అనుకుని, వెంటనే మనసు మార్చుకుని డ్రైవరు సీటులోంచి దిగిపోయాడు.

"కూచోండ్రి అక్కా, మీరే నడపుండ్రి. నేను నడిపితే చేయి తిరిగేది నాది, మీది కాదు. ఎట్లైనా ఈ గంట నేర్చుకునేదే గద, ఊరంత తిరిగి నేర్చుకుందాం."

అలా రాహుకాలం నట్టనడుమ, తడి ఆరని జుట్టుతో, పాదాలకు పసుపుతో, నెత్తిమీద ఎర్రటి ఎల్ అక్షరమున్న కారులో నిర్మలాదేవి ఊరిమీద పడింది. గడియారం మారిన తర్వాతి సోమవారం రోడ్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊరు ఊరంతా ఒక గంట నిద్ర తక్కువై, కళ్లు నిప్పులై, స్టీరింగ్ మీద కాఫీ గ్లాసులు పెట్టుకుని ఆలస్యంగా పరుగెడుతుంటుంది. మొదటి రౌండబౌట్ దగ్గర ఒక తెల్ల వ్యాన్ ఆమెను చూసి, ఎల్ బోర్డే కదా ఆగుతుందిలే అన్నట్టు దూసుకు వచ్చింది. ఆమె ఆగలేదు. తన వంతు తాను తీసుకుంది. వ్యానే ఆగింది. ఫయాజ్ తన వైపున్న రెండో బ్రేకు మీద పెట్టిన పాదాన్ని మెల్లగా తీసి పక్కన పెట్టుకున్నాడు. ఆ తర్వాత దాని అవసరం రాలేదని ఆయనే నాకు చెప్పాడు. ఇన్ని నెలలు తాను నేర్పలేనిది ఆ పూట కోపం నేర్పిందన్నాడు.

షాపింగ్ సెంటర్‌లో ఫయాజ్ కారు దగ్గర ఉండగా ఆమె లోపలికి పరిగెత్తింది. జయలక్ష్మి ఒక ముసలాయన ముక్కు మీద ఫ్రేము సరిచేస్తోంది. నిర్మలాదేవిని చూడగానే విషయం అర్థమై, ఆయన్ని ఒక్క నిమిషం ఆగమని బతిమాలుకుని తాళంచెవి తెచ్చి ఇచ్చింది.

"మీ ఆయన కోసం చూశానే బాబూ. రాకపోతే ఎనిమిదిన్నరకి ఫోన్ కూడా చేశాను. 'ఇంక ఏడున్నరే గదమ్మా' అన్నాడు. ఉగాది పూట జోకేస్తున్నాడనుకున్నాను" అంది.

అంటే ఆయనకు ఫోనొచ్చింది. గుర్తుచేశారు. అవతల మనిషి తాళమేసుకుని వెళ్లిపోతోందని తెలిసి కూడా తన టైం ప్రకారం ఇంకా గంట ఉందని కూర్చున్నాడు. సిద్ధాంతానికి ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలి కదా. ఆయన ఇంట్లో అది ఎప్పుడూ ఒకరే. ఆ మాట విన్న నిర్మలాదేవి మొహం ఎలా మారిందో జయలక్ష్మి వర్ణించబోయి మానుకుంది. తాళంచెవి లాక్కున్నట్టు తీసుకుందని మాత్రం చెప్పింది.

మళ్లీ రౌండబౌట్లు. జయలక్ష్మి ఇల్లు, చెప్పుల అర, గుడ్డసంచి. సంచి తెరిచి చూస్తే లైసెన్సు మీద బియ్యపుగింజలు అంటుకుని ఉన్నాయి. మళ్లీ రౌండబౌట్లు. తమ వీధి చివరి నుంచే వెళ్లారు, వాకిట్లో కిషన్‌రావు చెప్పులేసుకుని నిలబడి ఉన్నాడు, సంచి తేవడానికి బయల్దేరినట్టున్నాడు. ఎవరూ ఆగలేదు.

టెస్టు సెంటర్ వెయిటింగ్ రూములో ఎగ్జామినరు ఆమె పేరు రెండోసారి, ఈసారి ఇంకా అధ్వానంగా, పలుకుతుండగా ఆమె తలుపు తోసుకుని వచ్చింది. లైసెన్సు బల్ల మీద పెడితే దానితోపాటు పసుపుకొమ్ము కూడా దొర్లింది. ఆయన దాన్ని కాసేపు పరిశీలనగా చూసి, తన నిబంధనల్లో దీని గురించి ఏమీ లేదని నిర్ధారించుకుని, మర్యాదగా వెనక్కి జరిపాడు.

నలభై నిమిషాల తర్వాత ఆమె పాసైంది. రౌండబౌట్ల దగ్గర బాగా నిర్ణయాత్మకంగా ఉన్నారని ఎగ్జామినరు ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఫయాజ్ కార్ పార్కులో నిలబడి తనకు తోచిన దువా ఏదో చదివి, ఎల్ బోర్డు పీకి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అక్కడే గోడ మీద కూర్చుని స్కూలుకు ఫోను చేసింది. ఈస్టర్ తర్వాత వస్తున్నానని చెప్పింది. ఆ తర్వాతే ఏడ్చింది.

ఇంటికి వచ్చేసరికి కిషన్‌రావు పులిహోర వేడిచేసి, పళ్లెంలో పెట్టి ఉంచాడు. పులిహోర వేడిచేయకూడదని ఆయనకు తెలియదు పాపం, పెళ్లయ్యాక అది ఆయన చేసిన మొదటి వంట. ఫలితం విని నిజంగానే సంతోషించాడు. కాసేపు సంతోషించి, ఆగలేకపోయాడు.

"నేను జెప్పలే? రాహుకాలం పదింటికి అయిపోయింది, నీ టెస్టు పదీ పద్నాలుగుకు మొదలైంది. నా టైం లెక్క పట్టుకునే నువ్వు పాసైనవ్. గా గవర్నమెంటు టైం నమ్ముకుంటే ఫెయిలయ్యేదానివి."

ఇన్నాళ్లూ నిర్మలాదేవి, ఈ మనిషి గెలవడానికి గడియారాలతో పోట్లాడుతున్నాడని అనుకునేదట. గెలవడానికి ఆయనకు గడియారమే అక్కర్లేదని, ఏ గంట కొట్టినా అది తన గెలుపే అనుకోగలడని అప్పుడు తెలిసిందట. ఈ సంగతి నాతో చెబుతూ ఆమె పగలబడి నవ్వింది. ఊరుకునే నవ్వు కాదు, వేరే నవ్వు.

ఆయనతో మాత్రం ఒకటే అన్నది. "ఈస్టర్ అయినంక కారు నాకు గావాలె. నా బడికి బస్సు లేదు. మీ ఆఫీసుకున్నది."

ఆయన చాలా వాదనలు తెచ్చాడు. కొత్తగా నడిపేవాళ్లు కొన్నాళ్లు దగ్గరి దూరాలే తిరగాలన్నాడు, ఇన్సూరెన్సులో పనిచేసేవాడిగా చెబుతున్నానన్నాడు, రెండో కారు గురించి వచ్చే ఏడాది ఆలోచిద్దామన్నాడు. ఆమె అన్నిటికీ తల ఊపి, కారు తాళంచెవి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఏప్రిల్ చివర నుంచి కిషన్‌రావు బస్సెక్కుతున్నాడు. బస్సు ప్రభుత్వం టైంకే వస్తుంది, సూర్యుణ్ని అడగదు. మొదటి వారమంతా మా తెలుగువాళ్లకు ఆయన చెప్పిన కష్టం గడియారాల గురించి కాదు. ఆ స్టాపులో నిలబడటానికి గూడు లేదట, వానొస్తే తడవాల్సిందేనట, ఇంత పెద్ద కౌన్సిల్‌కు ఈపాటి సిగ్గు లేదా అని. ఆ స్టాపులో ఎన్నో ఏళ్లుగా తడుస్తూ డ్యూటీలకు పోతున్న ఆడవాళ్లూ మాలో ఉండి, ఆయన కొత్తగా కనిపెట్టిన ఈ అన్యాయాన్ని శ్రద్ధగా విన్నారు.

మే నెలలో ఒకరోజు జయలక్ష్మి ఇంట్లో టీ తాగుతుండగా నిర్మలాదేవి, పొద్దున కుండపోత వానలో మా ఆయన్ను స్టాపు దగ్గర చూశానని చెప్పింది. గొడుగు తిరగబడిపోయిందట, చేయి కూడా ఊపాడట.

"మరి ఎక్కించుకోలేదా?" అంది జయలక్ష్మి.

"బస్‌స్టాపుల కారు ఆపొద్దు" అన్నది నిర్మలాదేవి బిస్కెట్ టీలో ముంచుతూ. "రూలున్నది."